పని నేర్పుతున్నాం కదా

మా అక్క కొడుకు ఈమధ్యే మా ఇంట్లో దిగాడు. ఐటీఐలో టర్నర్ ట్రేడ్, అంటే తిరిగే ఇనుముని చెక్కే పని, పూర్తిచేసి, ఆటోనగర్‌లో కంప్యూటర్‌తో నడిచే మెషీన్లున్న ఒక సీఎన్‌సీ షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. మొదటి వారం అయ్యాక శనివారం రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా విప్పి దండెం మీద వేశాడు. నేను భోజనం చేస్తున్నాను. ఆ వాసన తగిలేసరికి కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

ఇనుము కోసేటప్పుడు చల్లబరచడానికి పోసే కూలెంట్ నీళ్ళు పాలలా తెల్లగా ఉంటాయి. ట్యాంకులో నాలుగు రోజులు మురిగితే పులుస్తాయి. ఆ పులుపుకి కాలిన ఇనుము, మెషీన్ ఆయిలు, చెమట కలిస్తే వచ్చే వాసన అది. "ఆ చొక్కా వేరే బకెట్లో నానబెట్టు నాన్నా" అంది మా ఆవిడ. "రెండు ఉతుకులకి పోద్దిలే అత్తా" అన్నాడు వాడు. పోదు. మా అమ్మ కిరసనాయిలు రాసింది, కుంకుడు రసంలో నానబెట్టింది, నిమ్మచెక్కతో రుద్దింది. అయినా మూడేళ్ళపాటు నా బట్టలన్నీ అదే వాసన.

*

మాది విశాఖపట్నం కంచరపాలెం. నాన్న పోర్టులో కలాసీ. ఆయనకి ఒక్కటే కోరిక, నేను షిప్‌యార్డులో పడాలని. వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ 1941లో కట్టడం మొదలుపెట్టిన యార్డు అది. ఆ పేటకి సింధియా అన్న పేరు అలాగే మిగిలిపోయింది. 1948లో 'జల ఉష' ఓడని నీళ్ళలోకి దింపడానికి నెహ్రూ వచ్చినప్పుడు మా తాత జనంలో నిలబడి చూశాడట. ఆ కథ మా ఇంట్లో పండక్కీ పబ్బానికీ చెప్పుకునేవాళ్ళం. ఐటీఐ అయ్యాక పెద్ద కంపెనీల అప్రెంటిస్ లిస్టుల కోసం ఎదురుచూశాను. రెండుసార్లు పడ్డాయి, రెండింట్లోనూ నా నంబరు లేదు.

అప్పుడు నాన్నకి తెలిసినాయన ఒకరు వన్‌టౌన్‌లో, ఫిషింగ్ హార్బర్‌కి పోయే దారిలో, ఇనుముని తిప్పుతూ చెక్కే మెషీన్లున్న లేత్ షాపుకి తీసుకెళ్ళారు. అమ్మ పళ్ళెంలో కొబ్బరికాయ, అరటిపళ్ళు, తమలపాకులు, 116 రూపాయలు పెట్టి పంపింది. పని నేర్చుకోవడానికి వెళ్తున్నాం కాబట్టి గురుదక్షిణ. ఓనరు ఆ పళ్ళెం అందుకుని పక్కన పెట్టి, నాన్నతో అన్నమాట నాకు బాగా గుర్తు.

"జీతం అనుకోకండి. కుర్రాడికి పని నేర్పుతున్నాం కదా. దారి ఖర్చులకి నెలకి 500 ఇస్తాను."

నాన్న రెండు చేతులూ జోడించాడు. రోజుకి నూట యాభై బస్తాలు మోసి ఎవరి ముందూ తల వంచని మనిషి.

*

రేకుల షెడ్డు. మూడు లేత్ మెషీన్లు, ఒక షేపర్, ఒక డ్రిల్లింగ్ మెషీను, మూల వెల్డింగ్ ప్లాంటు. వెనక కిటికీలోంచి చూస్తే హార్బరు ముఖద్వారం దగ్గర మూడు కొండలు వరసగా కనిపించేవి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. ఛానల్‌కి అవతల డాల్ఫిన్ నోస్. పొద్దున షిప్‌యార్డు సైరన్ వినపడేసరికి నేను షెడ్డు ఊడుస్తూ ఉండాలి. పోర్టు నుంచి వచ్చే నల్లదుమ్ము రాత్రంతా మెషీన్ల మీద పడేది. సముద్రం గాలికి మెషీను బెడ్డు మీద ఒక్క రాత్రికే తుప్పు ఎక్కేది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నూనె రాసి, ఇనుప రజను గమేళాల్లోకి ఎత్తేవాణ్ణి. చేతికి గ్లవుజులు లేవు. రజను గోళ్ళ సందుల్లో దిగితే రాత్రి అమ్మ పిన్నీసుతో తీసేది.

తర్వాత టీలు. తర్వాత ఓనరు గారింటికి గ్యాస్ బండ. వాళ్ళ పాపని స్కూల్లో దింపడం. ఆదివారం హార్బర్లో వేలం దగ్గర వంజరం చేప కొని ఇంట్లో ఇచ్చి రావడం. ఇలా ఎనిమిది నెలలు. నేను రెండేళ్ళు చదువుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్న టర్నర్ని. ఎనిమిది నెలలు మెషీను స్విచ్చి ముట్టుకోనివ్వలేదు. "ముందు ఓపిక నేర్చుకోవాలి" అనేవాడు ఓనరు. నాకంటే ముందు చేరిన పెందుర్తి అబ్బాయీ, తగరపువలస అబ్బాయీ కూడా అదే మాట విని ఉన్నారు.

*

నాకు పని నేర్పింది మేస్త్రీ.

ఓనరు మధ్యాహ్నం ఇంటికెళ్ళి, తిని, ఓ కునుకు తీసి నాలుగింటికి వచ్చేవాడు. మేస్త్రీ క్యారేజీలో చోడంబలి, ఎండు నెత్తళ్ళ వేపుడు ఉండేవి. గబగబా తాగేసి, చేతులు కడుక్కుని, "రారా బాబూ, ఆడు లెగిసే లోపల ఓ జాబు లాగుదాం" అనేవాడు. పనికిరాని షాఫ్టు ముక్కలు నా కోసం దాచి ఉంచేవాడు. టూలు గ్రైండింగ్‌తో మొదలుపెట్టించాడు. గ్రైండర్ రాయి మీద బిట్టు ఎలా ఆనించాలో, ఏ కోణానికి ఎలాంటి రజను వస్తుందో. రజను నీలంగా, స్ప్రింగులా తిరుగుతూ వస్తే మొహం వెలిగిపోయేది. ముక్కలు ముక్కలుగా ఎగిరితే మెషీన్ ఆపేసేవాడు. "చెవితో ఇనాలిరా. మిషను ఏడుస్తందంటే టూలు సచ్చిపోనాదన్నమాట."

ఆయన బడికి వెళ్ళలేదు. వెర్నియర్ స్కేలు చూడటం రాదు. బయటి కాలిపర్, లోపలి కాలిపర్, వేలిచివరి స్పర్శ, ఇవే ఆయన కొలతలు. లోపలి కాలిపర్‌ని బోరులో, అంటే లోపలి రంధ్రంలో, ఊపి చూసి "ఇంకా వెంట్రుకంత తియ్యాలి" అనేవాడు. నేను వెర్నియర్ పెట్టి చూస్తే నిజంగానే మిల్లీమీటరులో ఐదారు నూరోవంతులు మిగిలి ఉండేవి. ఒకరోజు సిగ్గుపడుతూ అడిగాడు, "ఏటిరా, సున్నా దగ్గర ఎన్నో గీత కలిసిందో ఎలాగ చూస్తావు?" అని. 0.02 మిల్లీమీటర్ల లెక్క సుద్దముక్కతో నేల మీద గీసి చెప్పాను. యాభై ఏళ్ళు దాటిన మనిషి నేల మీద కూర్చుని నేర్చుకున్నాడు. ఆ రోజు నుంచి నన్ను గురువుగారూ అని పిలిచేవాడు. నేను వద్దన్నా మానలేదు.

ఇదంతా ఓనరు లెక్కలో లేదు. ఓనరు లెక్కలో నేర్పుతున్నది ఆయన.

*

వేసవిలో వేట నిషేధం వస్తే మా షాపుకి అదే సంక్రాంతి. ఇప్పుడైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. అప్పుడు ఇంకా తక్కువ. మరబోట్లన్నీ ఒడ్డున ఉండే ఆ కొద్ది రోజుల్లోనే బోటు పంకాని తిప్పే షాఫ్టులు ఊడదీసి, అరిగిన చోట వెల్డింగ్ కట్టి, మళ్ళీ సైజుకి లాగి, గన్‌మెటల్ బుష్షులు, అంటే షాఫ్టు తిరిగే గొట్టాలు, కొత్తవి వేసి తిరిగి ఇచ్చేయాలి. సముద్రంలో షాఫ్టు పోతే ఆ బోటు ఎక్కడికీ కదలలేదు. అందుకే బోటు ఓనర్లు షెడ్డు ముందు కుర్చీలు వేసుకుని కూర్చునేవారు.

నా రెండో వేసవికి మెషీను ఒంటరిగా నడుపుతున్నాను. పొద్దున ఏడింటికి మొదలైతే రాత్రి పదకొండు, పన్నెండు. కొన్ని రాత్రులు తెల్లారేదాకా. వంద వాట్ల బల్బు వేడి, దోమలు, పైనుంచి రేకుల ఉక్క. నిద్ర రాకుండా తగరపువలస అబ్బాయి పాటలు పాడేవాడు. మేస్త్రీ బుష్షు చేత్తో పట్టుకుని బల్బు కింద తిప్పి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టేవాడు. ఏమీ అనలేదంటే పాసైనట్టు. ఆయన దగ్గర్నుంచి ఆ మౌనం సంపాదించుకున్న రాత్రి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ పని అంటే నాకు ప్రాణం. దోపిడీ సంగతి రాస్తున్నప్పుడు ఈ మాట దాచకూడదు. పని మీద ప్రేమే మమ్మల్ని అక్కడ అన్నాళ్ళు కట్టి ఉంచింది, ఓనరుకి ఆ సంగతి తెలుసు.

ఒక రాత్రి బిల్లు బుక్కు నా చేతికొచ్చింది. బుష్షు ఒక్కింటికి లేబరు చార్జీ 150 రూపాయలు, లోహం ఖరీదు వేరే. నేను మెషీను పక్క గోడ మీద సుద్దతో గీతలు గీసుకునేవాణ్ణి, ఐదేసి చొప్పున. ఆ నెల గీతలు లెక్కపెడితే 62. అంటే నా చేతుల మీదుగా 9300. నాకు అప్పటికి నెలకి 700 ఇస్తున్నారు. కరెంటు ఉంది, అద్దె ఉంది, మెషీను పెట్టుబడి ఉంది, అన్నీ ఒప్పుకుంటాను. అవన్నీ తీసేసినా ఆ నెల నేను నేర్చుకునే పిల్లవాణ్ణి కాను. షాపుని నడిపిన ముగ్గురిలో ఒకణ్ణి.

ఆ నెలలోనే ఒక బుష్షు పోగొట్టాను. రాత్రి రెండు దాటింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. డయల్ ఒక గీత ఎక్కువ తిప్పాను. బోరు లూజైపోయింది. గన్‌మెటల్ ఖరీదు అని ఓనరు 640 రూపాయలు నా పేరు మీద రాశాడు. నెలాఖరుకి చేతిలో 60 పెట్టాడు. పాడైన బుష్షు మాత్రం ఎక్కడికీ పోలేదు. తుక్కులో తూకానికి ఫౌండ్రీకి వెళ్ళి, కరిగి, మళ్ళీ బుష్షుగా మా షాపుకే వచ్చింది. ఆ 60 రూపాయలు అమ్మకి ఇచ్చి, బోనస్ వచ్చే నెల ఇస్తారట అని అబద్ధం చెప్పాను.

చాలా ఏళ్ళ తర్వాత అప్రెంటిస్ చట్టం తెలుగులో చదివాను. 1961 నాటి చట్టం. అప్రెంటిస్‌కి పీస్ వర్కు లెక్కన, అంటే చేసిన ముక్కకి ఇంత అని, డబ్బు కట్టకూడదట. అంటే వాడి చేత ఉత్పత్తి పిండకూడదనేగా. అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదట. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా కూడా అనుమతి లేకుండా పనిలో పెట్టకూడదని అప్పటి రూల్సులో ఉంది. నేను పుట్టకముందే రాసి ఉన్న మాటలు. ఆ షెడ్డులో ఒక్కరికీ తెలియవు.

*

పెందుర్తి అబ్బాయి వేలు గురించి రాయకుండా ముందుకు వెళ్ళలేను.

పాత లేత్‌కి బెల్టు బిగుతు తగ్గితే జారిపోయేది. మెషీను ఆపకుండానే కర్రతో తోసి ఎక్కించడం మాకు అలవాటు. గార్డు ఎప్పుడో ఊడిపోయింది, దాన్ని తిరిగి బిగించే టైము ఎవరికీ ఇవ్వలేదు. ఆ సాయంత్రం వాడి చేయి బెల్టుకీ పుల్లీకీ మధ్యకి వెళ్ళింది. అరుపు కూడా వినపడలేదు, వెల్డింగ్ చప్పుడు. వాడు చేయి పట్టుకుని నా దగ్గరికి నడుచుకుంటూ వచ్చాడు. కాటన్ వేస్టు చుట్టి, రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఓనరు స్కూటర్ మీద మా వెనకే వచ్చి గేటు దగ్గర చెవిలో చెప్పాడు: "నూతి దగ్గర మోటారులో పడిందని చెప్పండి. షాపు పేరు రానివ్వకండి."

చెప్పాం. నేనే చెప్పాను, వాడు మాట్లాడే స్థితిలో లేడు.

చూపుడు వేలు రెండు కణుపులు పోయాయి. మూడు వారాలకి కట్టుతో షాపుకి వస్తే, "ఇంక మిషను మీద ఏం చేస్తావురా" అని ఓనరు 2000 రూపాయలు చేతిలో పెట్టి పంపించేశాడు. ప్రమాదం జరిగితే అప్రెంటిస్‌కి కూడా వర్కర్‌తో సమానంగా నష్టపరిహారం కట్టాలని అదే చట్టంలో ఉంది. కానీ మేం ఏ రిజిస్టర్లోనూ లేం. కాంట్రాక్టు కాగితం లేదు. ఆ షాపులో మేం ఉన్నామనడానికి సాక్ష్యం గోడ మీద సుద్దగీతలే.

మేస్త్రీ ఆ రాత్రి అంబలి ముట్టలేదు. మర్నాడు పొద్దున ఎవరితోనూ మాట్లాడకుండా పాత డ్రమ్ము రేకు కోసి, బెల్టుకి గార్డు చేసి బిగించాడు.

*

దసరాకి ఆయుధపూజ. ముందురోజు రాత్రంతా మెషీన్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టేవాళ్ళం. మేస్త్రీలకి బట్టలు, డబ్బు. మాకు మిఠాయి పొట్లం. గుమ్మడికాయ కొట్టాక అది తుడిచేది మేమే.

*

మూడో ఏడు చివర్లో నేవల్ డాక్‌యార్డు, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, ఎక్కడ నోటిఫికేషన్ పడినా అప్లికేషన్ తెచ్చి చూసేవాణ్ణి. చాలావాటిలో నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ అడిగేవారు. రిజిస్టరైన చోట ట్రైనింగ్ చేసి, ఆలిండియా పరీక్ష రాస్తేనే అది వస్తుంది. ఐటీఐ చేసినవాడికి ఏడాదిలో అయిపోయే పని. నేను మూడేళ్ళు చేశాను. ఓనర్ని అడిగితే లెటర్ హెడ్ మీద నాలుగు వరసలు టైపు కొట్టించి, ముద్ర వేసి ఇచ్చాడు. సర్టిఫికెట్లు చూసే కౌంటర్లో ఉన్నాయన దాన్ని చదవనైనా చదవకుండా తిరిగి నా వైపు తోసేశాడు. ఆయన తప్పేమీ లేదు. నాన్న బయట చెట్టు కింద నిలబడి ఉన్నాడు. నా మొహం చూసి ఏమీ అడగలేదు. కాన్వెంట్ జంక్షన్ దాకా నడుచుకుంటూ వచ్చాం. అక్కడ టీ తాగుతూ అన్నాడు, "పళ్ళెం పట్టుకెళ్ళి ఇచ్చాను రా నేను" అని. అంతే అన్నాడు.

షాపు మానేస్తానని ఓనరుకి చెప్పినప్పుడు "పని నేర్పిన చోటుని మర్చిపోకు, విశ్వాసం ఉండాలి" అన్నాడు. సాయంత్రం మేస్త్రీ నన్ను గేటు దాకా సాగనంపాడు.

"నీకు పని నేర్పింది నేను. ఆడు కాదు. నువ్వు రుణపడ్డావనుకుంటే నాకు, ఆడికి కాదు. ఎల్లిపో బాబూ" అన్నాడు.

ఆ మాట నాకు ఎంత బరువు దించిందో ఆయనకి తెలియదనుకుంటాను. ఆయన మాత్రం ఇంకా చాలా ఏళ్ళు అక్కడే చేశాడు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరులో ఆ షెడ్డు రేకులు లేచిపోయాయి, షాపు మళ్ళీ తెరవలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకే మేస్త్రీ పోయాడు. నేను అప్పుడు ఒడిశాలో సైటు మీద ఉన్నాను. కబురు అందేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది.

*

ఇంకొకటి రాయాలి. ఇది నా గురించే.

అచ్యుతాపురం వైపు ఒక ఫ్యాక్టరీలో నేను సూపర్‌వైజర్‌గా ఉన్న రోజుల్లో, కాంట్రాక్టరు ఐటీఐ పిల్లల్ని పన్నెండు మందిని ట్రైనీలని తెచ్చాడు. వారం తిరక్కుండా అందరూ లైను మీద ఉన్నారు. నైట్ షిఫ్టుల్లో కూడా. అప్రెంటిస్ చట్టం కింద చేరినవాడు వర్కర్ కిందికి రాడు, పీఎఫ్, ఈఎస్ఐ వాడికి వర్తించవు. అందుకే ఆ పేరంటే కంపెనీలకి అంత ఇష్టం. వాళ్ళలో ఎవరికైనా కాంట్రాక్టు రిజిస్టరైందా అని నేను అడగలేదు. హాజరు పట్టీ మీద ఏడాదిపాటు నెలనెలా సంతకం పెట్టాను. ఇంటి లోను ఉంది, పిల్లల ఫీజులు ఉన్నాయి. ఒక కుర్రాడు ఒకరోజు అడిగాడు, "సార్, మాకు పరీక్ష ఎప్పుడు పెడతారు?" అని. కనుక్కుని చెప్తానన్నాను. కనుక్కోలేదు. వాడి మొహం ఇప్పటికీ గుర్తుంది, పేరు గుర్తులేదు.

*

శనివారం రాత్రి భోజనాలయ్యాక మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"కాంట్రాక్టు మీద సంతకం పెట్టావా?"

"ఏదో పేపరు మీద పెట్టించారు మావయ్యా."

"కాపీ నీ దగ్గరుందా? గవర్నమెంటు అప్రెంటిస్ పోర్టల్లో నీ పేరు ఎక్కిందా?"

తెలియదన్నాడు. స్టైపెండు ఎంత అంటే నాలుగు వేలు అన్నారట. 2019 రూల్సులో కనీసం 5000 నుంచి 9000 దాకా చదువును బట్టి రాసి ఉంది, ఐటీఐ వాడికి 7000. దాంట్లో పావు వంతు, నెలకి 1500 మించకుండా, కేంద్రమే భరించే పథకం కూడా 2016 నుంచి ఉంది. అన్నీ ఫోనులో చూపించాను. వాడు కాసేపు చూసి, నెమ్మదిగా అన్నాడు: "ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయి మావయ్యా. మధ్యలో మానేస్తారని ముందే తీసుకుంటారట."

సోమవారం సెలవు పెట్టి వాడితో వెళ్ళాను. షాపు శుభ్రంగా ఉంది, మెషీన్లు కొత్తవి, కూలెంట్ వాసన మాత్రం అదే. ఓనరు నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. టీ తెచ్చినవాడు కూడా అప్రెంటిసే అని మావాడు తర్వాత చెప్పాడు. నేను సంగతి చెప్పాను. ఆయన నవ్వుతూనే, "ఏముందండీ, పిల్లలకి పని నేర్పుతున్నాం కదా" అన్నాడు.

"ఎవరు నేర్పుతున్నారో చెప్పండి, ఆయన్ని ఒకసారి కలుస్తాను" అన్నాను.

ఆయన వెంటనే ఏమీ చెప్పలేదు. బీరువా తీసి సర్టిఫికెట్ల కవరు ఇచ్చాడు. కాంట్రాక్టు గురించి వాళ్ళ అకౌంటెంట్‌ని అడిగి చెప్తానన్నాడు. గురువారం మళ్ళీ వెళ్తున్నాం. ఆ టీ తెచ్చిన అబ్బాయి కాగితాలు కూడా అడగాలి. వాడిది చోడవరం అట.